క్నోసోస్‌లో పాతదెంత, ఎవాన్స్ కట్టించిందెంత?

కృష్ణాతీరం | ఆదివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే ఎక్కువ, రాయడం తక్కువ. ఓ సంగతి వారం రోజులుగా మనసులో తిరుగుతోంది, తెలిసినవాళ్ళు చెప్తారని రాస్తున్నా.

మేం ఉండేది జర్మనీలో. మొన్న సెలవులకి నేను, మా ఆవిడ, మా అమ్మాయి గ్రీసులోని క్రీట్ ద్వీపం వెళ్ళొచ్చాం. హెరాక్లియోన్ ఊరికి ఐదు కిలోమీటర్ల దూరంలో క్నోసోస్ ప్యాలెస్. క్రీట్‌లో ఒకప్పుడు వెలిగిన మినోవన్ల రాజధాని అని చిన్నప్పటి నుంచీ బొమ్మల్లో చూస్తున్నదే. పైన లావు, కింద సన్నం, ఎర్రరంగు స్తంభాలు, వాటి వెనక ఉరికొస్తున్న ఎద్దు బొమ్మ. మా అమ్మాయికి పదేళ్ళు. స్తంభం చూపించి "నాన్నా, ఇది నిజంగా నాలుగు వేల ఏళ్ళ కిందటిదా?" అంది. అవునమ్మా అన్నా. పక్కనే వేరే గుంపుకి చెప్తున్న గైడ్ అప్పుడే "ఇది 1920ల నాటి కాంక్రీట్" అన్నాడు. పిల్ల నా మొహం చూసింది.

ఆ తర్వాత ఏది చూసినా అనుమానమే. సింహాసనం గది నిజమా, డాల్ఫిన్ల బొమ్మ నిజమా, లిల్లీపూల కిరీటం పెట్టుకున్న రాకుమారుడు నిజమా? డబ్బు ఖర్చుపెట్టి అంతదూరం వెళ్ళింది సినిమా సెట్టింగు చూడ్డానికా అనిపించింది. అక్కడ పాతదెంత, కొత్తదెంత? కాస్త వివరంగా చెప్పండి.

పాతపలక | ఆదివారం రాత్రి 10:02

కృష్ణాతీరం గారూ, మీ బాధ అర్థమైంది. కానీ సెట్టింగు అనకండి. మెల్లగా చెప్తాను.

ఆ దిబ్బని మొదట తవ్వింది అందరూ చెప్పుకునే ఇంగ్లీషు పురావస్తు శాస్త్రవేత్త ఎవాన్స్ కాదు. హెరాక్లియోన్ ఊరి వ్యాపారి మినోస్ కలోకైరినోస్ 1878లో తవ్వి, పడమటి కొట్లలో వరసగా నిలబెట్టిన పెద్ద పెద్ద మట్టికాగుల్ని బయటికి తీశాడు. మనిషంత ఎత్తువి ఉంటాయి, మన గాదెల్లాగా నూనె, ధాన్యం నిలవ చేసుకునేవి. ఆయన పేరు మనవాళ్ళు ఎక్కడా చెప్పరు, అందుకే ముందు చెప్పాను. ఆర్థర్ ఎవాన్స్ ఆ నేల కొని 1900 మార్చి 23న పని మొదలుపెట్టాడు. కొన్ని వారాలకే సింహాసనం గది బయటపడింది.

ఇప్పుడు మీ లెక్క. గోడల కింది భాగాలు, నేల పరిచిన రాళ్ళు, పడమటి కొట్లు, ఆ కాగులు, మట్టి గొట్టాల మురుగు ఏర్పాటు, నడిమి ఆవరణ, జిప్సం రాతి సింహాసనం, ఇవన్నీ పాతవే. సింహాసనం ఎక్కడ దొరికిందో అక్కడే ఉంది. దాని రెండు పక్కలా గోడ మీద ఉన్న గ్రిఫిన్లు (గద్ద తల, సింహం ఒళ్ళు ఉన్న ఊహా జంతువులు) మాత్రం దొరికిన ముక్కల్ని బట్టి 1930లో వేయించినవి. పై అంతస్తులో మీరు తిరిగిన గదులు, ఎర్ర స్తంభాలు, వాటి మీది కప్పులు ఎవాన్స్ కాలంలో కట్టినవి.

స్తంభం ఆకారం మాత్రం ఊహ కాదు. అసలు స్తంభాలు సైప్రస్ చెట్టు దుంగలు. కాలిపోయి బొగ్గయ్యాయి, కింద రాతి పీటలు మిగిలాయి. ఆ బొగ్గు ఆనవాళ్ళు ఉన్నాయి, చిన్న చిన్న ఫ్రెస్కోల్లో, అంటే సున్నపు గోడ మీద వేసిన బొమ్మల్లో, అవే స్తంభాల బొమ్మలూ ఉన్నాయి. కింద సన్నం పైన లావు అని వాటి నుంచే తెలిసింది. కాబట్టి మీ పాపకి చెప్పాల్సిన మాట: రూపం పాతది, ఒళ్ళు కొత్తది.

రాతిగుండె | ఆదివారం రాత్రి 10:40

నేను సివిల్ ఇంజినీర్‌ని, కాంక్రీట్ ముచ్చటొస్తే ఊకోలేను. పాతపలక సార్ రూపం పాతది అన్నరు, సరే. కానీ పాత రాయి మీద కాంక్రీట్ కూసోబెడితే ఏమైతదో నేను చెప్త.

కాంక్రీట్‌ల ఇనుప చువ్వ ఉంటది. అది సముద్రం గాలి తగిలే ద్వీపం. పగులు పడి ఉప్పుగాలి, నీళ్ళు లోపటికి పోతే చువ్వ తుప్పు పడ్తది, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతది, ఉబ్బితే పైపెచ్చు ఊడుతది. మన ఊర్లల్ల ముప్పై ఏండ్ల స్లాబులు ఎట్ల పెచ్చులూడుతయో చూసిన్రు గదా, గదే కథ. ఇప్పుడు అక్కడ మినోవన్ల గోడను కాపాడుడు ఒక పని, ఎవాన్స్ కాంక్రీట్‌ను కాపాడుడు రెండో పని. పైగా ఇయ్యాల తప్పయింది తీసేద్దాం అంటే కింద రాయి పగులుతది. వెనక్కి తీసుకోరాని పని చేసిండు. నా దృష్టిల అది పెద్ద తప్పు.

పాతపలక | సోమవారం ఉదయం 6:25

రాతిగుండె గారూ, మీ మాట కాదనను. కానీ ఎవాన్స్ మొదటిరోజే కాంక్రీట్ పట్టుకుని రాలేదు. తూర్పు వైపు కొండవాలులో పెద్ద మెట్లదారి ఒకటి ఉంది. పై అంతస్తుల మెట్లు, దొర్లిపడ్డ మట్టి ఆసరాతో గాల్లో నిలబడి ఉన్నాయి. కింద ఆనుకున్న కొయ్య మాత్రం ఎప్పుడో కాలిపోయింది. ఆ మట్టిని తీస్తే మెట్లు కూలుతాయి, తీయకపోతే కింద ఏముందో తెలియదు. తవ్వుతూ తవ్వుతూ దుంగలు ఆన్చారు. 1904-05 చలికాలపు వానలకి ఒక భాగం కూలిపోయింది. అప్పుడు ఇనప దూలాలతో మళ్ళీ నిలబెట్టారు. కాంక్రీట్ వచ్చింది 1920లలో.

రెండో కారణం జిప్సం. అది వాన నీటికి మెల్లగా కరిగే రాయి. మూడు వేల ఏళ్ళు మట్టికింద భద్రంగా ఉన్నది, బయటికి తీశాక పదేళ్ళ వానకి కోసుకుపోతుంది. పైన ఏదో ఒక కప్పు పడక తప్పదు.

1926లో పెద్ద భూకంపం వచ్చినప్పుడు ఆయన అక్కడే తన ఇంట్లో ఉన్నాడు. కాంక్రీట్‌తో బిగించిన భాగాలు నిలిచాయి. దాంతో ఆయనకి నమ్మకం ఇంకా పెరిగింది. ఆ నమ్మకం ఎక్కువైపోయిందని నేనూ అంటాను. మెట్లదారి నిలబెట్టడం అవసరం. పై అంతస్తులో గదులకి గదులు ఊహించి కట్టడం అవసరం కాదు. ఈ రెంటినీ ఒకే తాడుకి కట్టి తిట్టకూడదని నా వాదన.

రంగులపొడి | సోమవారం మధ్యాహ్నం 1:15

కట్టడం సంగతి పెద్దలు చూసుకుంటున్నారు, నేను బొమ్మల గురించి రాస్తాను. బొమ్మలు నేర్చుకున్నదాన్ని, తడి సున్నం మీద రంగు వేయడం చేతులతో చేసి చూసినదాన్ని.

ముందు ఆ పని ఎలా ఉంటుందో చెప్పాలి. మెత్తటి సున్నపు పూత గోడకి రాసి నున్నగా రుద్దాక, అది చెమ్మగా ఉండగానే నీళ్ళలో కలిపిన రంగు వేయాలి. సున్నం ఆరుతూ గాలి పీల్చుకుని రాయిలా గట్టిపడుతుంది, రంగుని తనలోకి పట్టేసుకుంటుంది. ఆలస్యం చేస్తే రంగు పైపైనే ఉండి తర్వాత పొడిలా రాలిపోతుంది. నేను మొదటిసారి చేసినప్పుడు ఒక ఆకు అంచు తీరుగా రాలేదని దిద్దుతూ కూర్చున్నా. పక్కనున్న పూవు దగ్గరికి వచ్చేసరికి సున్నం నా కుంచె తడిని పీల్చుకోవడం మానేసింది. వేలితో తాకితే తెలిసిపోతుంది, చల్లదనం పోతుంది. అందుకే మినోవన్ గీతలో ఆ వేగం. లిల్లీ కాడ ఒక్క ఊపులో పైకి లేస్తుంది, తిరిగి దిద్దినట్టు ఉండదు.

అంచుల పట్టీలు తిన్నగా రావడానికి వాళ్ళు తడి సున్నం మీద దారం బిగించి నొక్కేవారు. నూలు పురి గుర్తు ఇప్పటికీ ఆ ముక్కల మీద కనిపిస్తుంది. మన మేస్త్రీలు దారం కొట్టి గీత తీసినట్టే. నాలుగు వేల ఏళ్ళ కిందటి ఒకరి వేళ్ళ మధ్య బిగిసిన దారం! నాకు రాకుమారుడికన్నా ఆ దారం గుర్తే ఎక్కువ ఇష్టం.

ఇక కృష్ణాతీరం గారి రాకుమారుడు. 1901లో దొరికినవి వేరువేరు ముక్కలు: మొండెంలో కొంత, కాలిలో కొంత, లిల్లీపూల కిరీటం. ముఖం లేదు. ఎవాన్స్ కొలువులో ఉన్న స్విస్ చిత్రకారుడు ఎమిల్ జిల్లియెరాన్, తర్వాత అదే పేరున్న ఆయన కొడుకు ఈ ముక్కల్ని కలిపి ఒకే మనిషిని తయారుచేశారు. తర్వాతి పండితులు కండరాలు చూసి, ఆ మొండెం వాళ్ళు తిప్పినవైపు తిరిగి ఉండదన్నారు. అలాంటి కిరీటాలు వేరేచోట స్ఫింక్స్‌ల (మనిషి తల, సింహం ఒళ్ళు ఉన్న ఊహా జంతువుల) తల మీదా, పూజారిణుల తల మీదా కనిపిస్తాయన్నారు. అంటే మనం రాకుమారుడు అనుకుంటున్నది ఇద్దరు ముగ్గురి ముక్కలు కావచ్చు.

డాల్ఫిన్లు కూడా అంతే. రాణిగారి గది గోడ మీద పెట్టారు. కానీ అవి పై అంతస్తు నేల మీద వేసినవనీ, నేల కూలి కిందపడ్డాయనీ గట్టి వాదన ఉంది. నేల మీద సముద్రం, దాని మీద మనుషుల నడక! నాకు ఆ ఊహే అందంగా ఉంది, అది వేరే సంగతి.

చీరాలచిన్నోడు | సోమవారం సాయంత్రం 6:48

అక్కా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను డిగ్రీ హిస్టరీ ఆఖరి సంవత్సరం. మా పుస్తకంలో ఆ రాకుమారుడి బొమ్మ కింద "మినోవన్ రాజు" అని ఉంది. మరి జిల్లియెరాన్ చేసింది మోసమే కదా? ఆయన కాపీలు కూడా అమ్మేవాడట.

రంగులపొడి | సోమవారం రాత్రి 8:30

మోసం అనను తమ్ముడూ. కాపీలు అమ్మారు, నిజమే. తండ్రీకొడుకులిద్దరూ మినోవన్ వస్తువులకీ, మైసీనియన్ (గ్రీసు ప్రధాన భూభాగంలోని మైసీనీ అనే పాత కోటకి చెందిన) వస్తువులకీ నకళ్ళు చేసి అమ్మేవాళ్ళు, యూరప్, అమెరికా మ్యూజియాలు కొనుక్కున్నాయి. కానీ నకలని చెప్పే అమ్మారు. ఎవాన్స్ కూడా ఏ ముక్క ఎక్కడ దొరికిందో నాలుగు సంపుటాల్లో అచ్చు వేయించాడు. ఆ ముక్కలు దాచలేదు కాబట్టే ఇవాళ మనం తప్పు పట్టగలుగుతున్నాం.

నా ఫిర్యాదు వేరు. జిల్లియెరాన్‌ది చాలా మంచి చెయ్యి. ముక్కకీ ముక్కకీ మధ్య ఖాళీని ఆయన ఎంత తీరుగా నింపాడంటే, మన కన్ను ఆ ఖాళీని ఖాళీగా చూడటం మానేసింది. ఆ కాలపు యూరప్ పోస్టర్లలో ఉండే వంపులు ఆ నింపిన చోట్ల ఉన్నాయి. బాగా చేసిన పనే ఇక్కడ చిక్కు తెచ్చింది.

హెరాక్లియోన్ మ్యూజియంలో అసలు ముక్కలు ఉన్నాయి, ప్యాలెస్‌లో ఉన్నవి నకళ్ళు. అక్కడ ఎదురుగా నిలబడితే ఏమీ తెలియదు. పక్కకి జరిగి, గోడకి దాదాపు చెంప ఆనించినట్టు నిలబడి ఏటవాలుగా చూడాలి. పాత ముక్కల ఒంటి మీద సన్నటి పగుళ్ళు, గరుకు ఉంటాయి, వెలుతురు వాటి మీద తునకలవుతుంది. కొత్తగా నింపిన చోట వెలుతురు జారిపోతుంది. అలా ఒకసారి చూస్తే రాకుమారుడు మాయమై, తెల్లటి మైదానంలో నాలుగైదు దీవులు మిగులుతాయి.

అడవిబాట | సోమవారం రాత్రి 10:20

ఈ చర్చ చదువుతుంటే చెప్పాలనిపించింది. నాది అడవి జంతువుల వైపు పని. క్నోసోస్‌లో ఒక "నీలం అబ్బాయి" ఉండేవాడు, ఆ కథ తెలుసా?

తవ్వకాల మొదట్లో ఒక ఫ్రెస్కో ముక్కలు దొరికాయి. రాళ్ళ మధ్య కుంకుమపూలు, వాటిని కోసి కుండీల్లో పెడుతున్న నీలిరంగు ఒళ్ళు. ఎవాన్స్ దాన్ని అబ్బాయి అన్నాడు, బొమ్మని అలాగే పూర్తి చేయించారు. 1940లలో నికొలావోస్ ప్లాటోన్ అనే గ్రీకు పురావస్తు శాస్త్రవేత్త ఆ ముక్కల్ని మళ్ళీ పేర్చి, అది అబ్బాయి కాదు, కోతి అని తేల్చాడు. తర్వాత సాంటోరిని ద్వీపంలో అక్రోటిరి ఊరు బయటపడింది, అక్కడి గోడల నిండా నీలం కోతులే. ఇక అనుమానం లేకుండా పోయింది.

ఇప్పుడు మనకి దగ్గర సంగతి. గ్రీసులో కోతులు లేవు. మరి ఆ చిత్రకారులు ఏ కోతిని చూసి వేశారు? ఆఫ్రికా కోతులని చాలాకాలం అనుకున్నారు. 2020లో కళాచరిత్ర, కోతుల శాస్త్రం రెండూ తెలిసినవాళ్ళు కలిసి ఒక పరిశోధన అచ్చు వేశారు. అక్రోటిరిలో బీటా అనే ఇంటి గోడ మీద కొండరాళ్ళెక్కుతున్న కోతులు మన కొండముచ్చులు అని వాళ్ళ మాట. పొడుగు కాళ్ళు, పొడుగు చేతులు, అన్నిటికన్నా తోక. వంపు తిప్పి పైకెత్తి పట్టుకునే తీరు. కోతుల మందని తోలడానికి ఊళ్ళలో కొండముచ్చుని తెచ్చి తిప్పుతారు కదా, అది గోడ మీద నడిచేటప్పుడు తోక చూడండి, తెలుస్తుంది. బూడిదరంగుని నీలంతో వేయడం ఆనాటి అలవాటు.

కొండముచ్చు మన ఉపఖండంలోదే. సింధు లోయకీ మెసొపొటేమియాకీ వర్తకం ఉండేది, మెసొపొటేమియా నుంచి మధ్యధరా తీరానికి దారులు ఉండేవి. ఆ దారిన జంతువే వెళ్ళిందో, బొమ్మ వెళ్ళిందో. దీన్ని ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు, అవి ఆఫ్రికా గ్రివెట్ కోతులే అని గట్టిగా జవాబు రాశారు. నేను ఆ బొమ్మ చూసినప్పుడు మాత్రం ముందు తోక దగ్గరే ఆగాను. ఇలా తోక పట్టుకునే జంతువుని నేను రోజూ చూస్తాను.

కృష్ణాతీరం | మంగళవారం ఉదయం 7:05

అడవిబాట గారూ, ఇది చదివి మా అమ్మాయిని నిద్రలేపి మరీ చెప్పాను. కొండముచ్చు అనే మాట తనకి తెలియదు, అమ్మమ్మ వాళ్ళ ఊరి వీడియో ఒకటి చూపించాను.

అక్రోటిరి వెళ్ళలేదు మేము. వెళ్ళాల్సిందా?

రంగులపొడి | మంగళవారం ఉదయం 9:50

వెళ్ళాల్సిందే. క్నోసోస్‌లో మీకు ఏది పోయిందని బాధ కలిగిందో అది అక్కడ దొరుకుతుంది.

క్రీ.పూ. 1600కి అటూ ఇటూగా అగ్నిపర్వతం పేలి ఊరి మీద మీటర్ల కొద్దీ బూడిద పోసింది. 1967లో స్పిరిడాన్ మారినాటోస్ తవ్వడం మొదలుపెట్టాడు, 1974లో ఆ తవ్వకంలోనే చనిపోయాడు. తర్వాత క్రిస్టోస్ డూమాస్ నడిపించాడు. రెండు మూడంతస్తుల ఇళ్ళు, కిటికీలు, మెట్లు, పై అంతస్తులో మరుగుదొడ్డి, దాని నుంచి గోడలో దిగే మట్టి గొట్టం, అన్నీ ఉన్నచోటే. మనుషుల ఎముకలు దొరకలేదు. ముందే భూమి కంపించి హెచ్చరించింది కాబట్టి ఊరు ఖాళీ చేసి ఉంటారు. తీసుకెళ్ళగలిగినవి తీసుకెళ్ళారు, గోడల మీది బొమ్మలు మాత్రం వదిలేశారు.

ఒక చిన్న గదిలో మూడు గోడల మీద వసంతం ఉంది. ఎరుపు, పసుపు, నీలం రాళ్ళ గుట్టలు, వాటి మీద మూడేసి కాడల ఎర్ర లిల్లీలు, గాల్లో పిచ్చుకంత కోవెల పిట్టలు, వాటిలో రెండు ముక్కుకి ముక్కు కలుపుకుంటున్నాయి. మనిషి ఒక్కడూ లేడు. దాదాపు పూర్తిగా దొరికింది, ఇప్పుడు ఏథెన్స్ జాతీయ మ్యూజియంలో ఉంది. జేగురులాంటి ఎర్రమన్ను, పసుపుమన్ను, నీలానికి ఎక్కువగా ఈజిప్షియన్ బ్లూ అనే తయారుచేసిన రంగు, ఇంతే సరుకు. ఇక్కడ జిల్లియెరాన్ చెయ్యి లేదు. మినోవన్ల గీతని నేను నమ్మింది ఇది చూశాకే, క్నోసోస్ చూసి కాదు.

ఒక దిద్దుబాటు: పైన కోవెల అని రాశాను, అవి వానకోవెలలు, స్వాలో పిట్టలు. తోక కత్తెరలా చీలి ఉంటుంది.

చీరాలచిన్నోడు | మంగళవారం మధ్యాహ్నం 2:12

నాకు ఇంకో సందేహం. మైసీనీలో సింహద్వారం మీద రెండు సింహాల మధ్య ఉన్న స్తంభం కూడా ఇదేనా? ఆ రాయి త్రికోణంగా ఎందుకు ఉంది? పరీక్షలో అడుగుతారని కాదు, నిజంగా అర్థం కాలేదు.

రాతిగుండె | మంగళవారం రాత్రి 9:30

మంచి ప్రశ్న తమ్మీ. స్తంభం అదే తీరుది. మైసీనీ గ్రీకు మాట్లాడేటోళ్ళది, క్రీ.పూ. 1250 అటిటు కట్టిన కోట. మినోవన్ల దగ్గర నేర్చుకున్న స్తంభాన్ని తమ వాకిలి మీద చెక్కుకున్నరు. సింహాల తలలు వేరే రాయితోని చేసి అతికించినయి, అవి పోయినయి.

త్రికోణం ఎందుకంటే బరువు. వాకిలి మీద అడ్డం పెట్టిన రాయి దాదాపు 20 టన్నులు. దానిమీద ఇంకా గోడ కడితే ఆ రాయి నడుమ విరుగుతది. రాయి నొక్కితే తట్టుకుంటది, వంగితే తట్టుకోదు. గందుకని దానిమీద గోడ రాళ్ళను రెండు దిక్కులా కొంచెం కొంచెం ముందుకు జరుపుకుంట పోయి పైన కలిపిన్రు. నడుమ ఖాళీ మిగిలింది. బరువు పక్క గోడల మీదికి దిగింది. ఆ ఖాళీని సన్న పలకతోని మూసిన్రు, ఆ పలక మీదనే సింహాలు.

గదే ఉపాయాన్ని గుండ్రంగ తిప్పితే అట్రియస్ ఖజానా అని పిలిచే సమాధి. పేరుకు ఖజానా, గ్రీకు కథల్ల రాజు అట్రియస్‌కు సంబంధం లేదు. లోపట 14.5 మీటర్ల వెడల్పు, 13 మీటర్లకు పైన ఎత్తు, తేనెతుట్టె లెక్క. వాకిలి మీద అడ్డం పెట్టిన లోపటి రాయి (లింటెల్) ఒక్కటే దాదాపు 120 టన్నులు. మన సైటుల 120 టన్నులు లేపాలంటే పెద్ద క్రేన్ పిలవాలె, దానికి నేల గట్టి చేయాలె. వాళ్ళకు మట్టి కట్ట, తాళ్ళు, ఎడ్లు, మనుషులు. పైన మట్టి కప్పిన్రు, ఆ బరువే రాళ్ళను బిగబట్టింది. అందుల సిమెంట్ లేదు, ఇనుము లేదు. అందుకే నిలిచింది.

ఓరుగల్లు_శారద | బుధవారం ఉదయం 6:10

అందరికీ నమస్కారం. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. ఇనుము మాట వచ్చింది కాబట్టి ఏథెన్స్‌లోని పార్థెనాన్ గురించి రెండు ముక్కలు.

క్రీ.పూ. 447 నుంచి 432 దాకా కట్టిన గుడి. ఇక్టినోస్, కల్లిక్రటీస్ కట్టడం చూశారు, ఫీడియాస్ శిల్పాలు చూశాడు. ముందు 8, పక్కకి 17 స్తంభాలు. నేల సమంగా ఉన్నట్టు కనిపిస్తుంది గానీ మధ్యలో ఉబ్బెత్తు, పొడుగు వైపు 11 సెంటీమీటర్లు, పొట్టి వైపు 6. ఇక్కడ నేను చెప్పదలచుకుంది ఆ రాళ్ళని కలిపిన పట్టీల సంగతి. పాత గ్రీకు పనివాళ్ళు కూడా ఇనుప పట్టీలే వాడారు. కానీ పట్టీ కూర్చున్న గాడిలో కరిగించిన సీసం పోసి మూసేశారు. నీరు, గాలి ఇనుముని తాకలేదు. రెండువేల నాలుగువందల ఏళ్ళ తర్వాత కూడా అందులో చాలా పట్టీలు బాగున్నాయి.

1687లో వెనీసువాళ్ళు ఫిరంగి పేల్చారు, లోపల తుర్కుల మందుగుండు ఉంది, గుడి మధ్య భాగం ఎగిరిపోయింది. తర్వాత 1898 నుంచి నికొలావోస్ బలానోస్ అనే ఇంజినీర్ మూడు దశాబ్దాల పైన దాన్ని నిలబెట్టాడు. ఆయనా ఇనుమే వాడాడు, సీసం పోయలేదు. ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, ఫిరంగికి మిగిలిన పాలరాయిని లోపలి నుంచి పగలగొట్టింది. కొన్ని రాళ్ళు తమవి కాని చోట్ల పెట్టాడు కూడా. 1975లో ఒక సంఘం వేసి, అప్పటి నుంచి ఆ ఇనుము తీసి టైటానియం పెడుతున్నారు, ప్రతి రాయినీ దాని అసలు చోటుకి తెస్తున్నారు. కొత్త పాలరాయి నింపినచోట తెల్లగా తేలిపోతుంది. కావాలనే అలా వదిలారు, పాతదేదో కొత్తదేదో చూసేవాడికి తెలియాలని.

మా ఊళ్ళో వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం 2006లో విప్పారు. నేను బడికి వెళ్ళే దారిలో ఆ రాళ్ళు అంకెలు వేసి పేర్చి ఉండేవి. ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ అట్లనే ఉన్నయి. చూసినప్పుడల్లా కడుపులో తిప్పేది, ఇది మళ్ళీ లేస్తదా అని. 2024 మార్చిలో తెరిచారు. వెళ్ళి మొదట చేసిన పని, ఒక స్తంభం మీద పాత నునుపునీ పక్కన కొత్త రాతి రంగునీ వెతకడం. కనపడింది. కనపడినందుకు సంతోషించాను.

కృష్ణాతీరం గారూ, క్నోసోస్‌లో మీకు కలిగిన బాధ కాంక్రీట్ ఉన్నందుకు కాదనుకుంటాను. అతుకు ఎక్కడుందో మీకు ఎవరూ చూపించనందుకు.

పాతపలక | బుధవారం ఉదయం 8:40

శారదమ్మా, ఆ చివరి మాట నేను చెప్పాల్సింది. పట్టించుకోలేదు.

ఒక సంగతి కలుపుతాను. ఎవాన్స్ అతుకులు ఇప్పుడు వందేళ్ళవి. 2025 జూలైలో యునెస్కో క్నోసోస్‌తో సహా ఆరు మినోవన్ ప్యాలెస్ ప్రాంతాల్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ కాంక్రీట్‌ని పగలగొట్టి తీసేయాలని అక్కడ పనిచేసేవాళ్ళు అనడం లేదు. అదీ ఒక కాలపు పని అని చూసుకుంటున్నారు. కృష్ణాతీరం గారు ఈసారి వెళ్తే ముందు ఫైస్టోస్ చూడండి. క్రీట్ దక్షిణాన గుట్ట మీద ఉంటుంది, కింద మెసారా మైదానం, ఉత్తరాన ఇడా కొండ. ఇటలీవాళ్ళు తవ్వారు, చాలా కొద్దిగానే కట్టారు. మెట్లు, ఆవరణ, గోడల అడుగులు మాత్రమే. అక్కడ ఒక గంట కూర్చుని తర్వాత క్నోసోస్ వెళ్తే మీ కన్నే ఎంచుకుంటుంది.

రాతిగుండె | బుధవారం మధ్యాహ్నం 12:20

నేను ఎవాన్స్‌ది పెద్ద తప్పు అన్న మాట సగం వాపస్ తీసుకుంటున్న. మెట్లదారి సంగతి నాకు ఎరుక లేకుండె. కింద తవ్వుకుంట పైన ఆన్చుడు ఎంత కష్టమో నేను చేసి చూసిన పని. పై అంతస్తు గదుల ముచ్చట మీద మాత్రం నేను కదల.

కృష్ణాతీరం | గురువారం రాత్రి 11:15

మూడు రోజులు ఫోన్‌లో ఉన్న ఫోటోలన్నీ మళ్ళీ తీసి చూశాం. రంగులపొడి గారు చెప్పినట్టు ఏటవాలుగా తీసినవి నా దగ్గర లేవు. అన్నీ ఎదురుగా నిలబడి తీసినవే. కానీ కోతి ఫ్రెస్కోది ఒకటి ఉంది, అద్దం మీద లైటు పడిందని పక్కకి జరిగి తీసింది. పనికిరాదని తీసేయబోయిన ఫోటో. దాన్ని పెద్దది చేసి చూశాం. పాత ముక్కలు మసకగా, గరుకుగా విడివిడిగా తేలి ఉన్నాయి. వాటి చుట్టూ లేత రంగు నున్నగా ఉంది.

మా అమ్మాయి ఒక కాగితం మీద ఆ ముక్కల్ని మాత్రమే గీసింది. మధ్యలో ఏమీ నింపలేదు. పూలకుండీ అంచు ఒకటి, నీలం నడుం ఒకటి. "మిగతాది నేను వెయ్యను నాన్నా, నాకు తెలీదు కదా" అంది.

డిసెంబర్లో ఏథెన్స్ టికెట్లు చూస్తున్నాం. వసంతం గది ముందు ఎటువైపు నిలబడాలో రంగులపొడి గారు ముందే చెప్పి ఉంచండి.

రంగులపొడి | శుక్రవారం ఉదయం 7:00

ఎడమ గోడ దగ్గర మొదలుపెట్టండి. పాపని ముందు పిట్టల దగ్గరికి తీసుకెళ్ళండి. ఆ కాగితం ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, నాకు కావాలి.